నాలుగు సైట్లు, ఒక అడ్డవీధి

మన పాఠకులలో పెద్దవారికి వీధిలో పడుగు చాచిన దినములు జ్ఞాపకముండును. తెల్లవారకముందే లేచి, వీధి పొడవునా కర్రలు నాటి, పడుగును ఆ కొన నుండి ఈ కొనకు లాగి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వి ముగించవలెను. ఒక ఇంటివారి వలన అయ్యే పని కాదు. పక్కింటివారు, ఎదురింటివారు వచ్చి చేయి వేసేవారు; మరునాడు వారి పడుగుకు మనము పోవలెను. సేలం, కంచి వైపు తమిళులు పడుగును పావు అందురు. పేరు ఏదైనను పని ఒకటే, దానికి కావలసిన వీధియు ఒకటే. సూటిగా ఉండవలెను, పొడుగుగా ఉండవలెను.

ఇందులో ఒక చిన్న సంగతి ఉన్నది. పడుగు వీధిలో ఉన్నంతసేపు ఆ వీధిని బండి రాకూడదు. బండివాడు ఏమి చేయును? పక్కవీధిన పోవును. పక్కవీధికి తిరుగుటకు అడ్డవీధి ఉన్నది కనుక పోవును. అనగా మన పెద్దలు ఉదయము పూట ఒక వీధిని తమ పనికి మూసికొనగలిగినది, ఊరికి వేరే దారులు ఉండుట వలననే. ఈ సంగతి మేము ఇదివరకు ఎన్నడును ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించవలసి వచ్చినది.

కారణము మా సంఘము కొన్న స్థలము. బెంగుళూరు పేటలో ఇరుకు సందులలో క్రింద మగ్గము, పైన కాపురము పెట్టుకొని నెట్టుకొని వచ్చుచున్న సభ్యుల కొరకు నగరము వెలుపల కొంత భూమి తీసికొనుట జరిగినది. ప్లాను గీయించినారు. పెద్ద రోడ్డు నుండి మూడు వీధులు లోపలికి పోవును. ఒక్కొక్క వీధి 600 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు. వీధికి రెండు వైపుల 30 అడుగుల ముఖము, 40 అడుగుల లోతు గల సైట్లు, వైపుకు 20 చొప్పున. మూడు వీధులకు కలిపి 120 సైట్లు. డబ్బు కట్టిన సభ్యులును సరిగ్గా 120 మంది. మూడు వీధులును కొనలో గోడకు తగిలి ఆగిపోవును.

ప్లాను చూచిన ఒక ముసలి ఇంజనీరుగారు, మనవారి బంధువే, ఆ కొనలో మూడు వీధులను కలుపుతూ ఒక అడ్డవీధి వేయండని చెప్పినారు. వేసినచో నాలుగు సైట్లు పోవును. ఆ నలుగురు ఎవరు?

సర్వసభ్య సమావేశము సాయంకాలము నాలుగు గంటలకు మొదలై రాత్రి తొమ్మిది దాటినను తెగలేదు. “నాలుగిండ్లు పోగొట్టి దోవ వేస్తే దానిమీద నడిచేదెవరప్పా?” అని ఒకరు లేచినారు. గోడ ఉంటేనే దొంగల భయము లేదని మరొకరు. చివరకు అధ్యక్షులవారు ఈ విషయమును విచారించి పత్రికలో వ్రాయవలసినదని మాకు అప్పగించినారు. అందుకే ఈ వ్యాసము.

విచారించగా తెలిసినదేమనగా, ఇది మా ఒక్క సంఘపు జగడము కాదు. ఊళ్ళు పెరిగే చోటనెల్ల ఈ ప్రశ్న ఉన్నది. తేడా ఏమనగా, చాలాచోట్ల జగడమాడువారు రాకముందే గోడ లేచిపోవుచున్నది.

వీధులు ఎంతగా ఒకదానితో ఒకటి కలిసియున్నవో కొలుచుటకు పండితులు ఒక లెక్క పెట్టుకొన్నారు. క్రిస్టఫర్ బారింగ్టన్‌-లీ, ఆడమ్ మిల్లార్డ్‌-బాల్ అను ఇద్దరు 2015లో అమెరికా వీధుల గురించియు, 2020లో ప్రపంచములోని అన్ని వీధుల గురించియు ఈ లెక్కతో రెండు పరిశోధనలు ప్రకటించినారు. ఉపగ్రహముల నుండి తీసిన ఛాయాచిత్రములు, ఎవరైనను చూడగల వీధి పటములు దగ్గర పెట్టుకొని, కంప్యూటరుతో వీధులు కలిసే ప్రతి చోటును లెక్కించినారు. లెక్క మనకు తెలియనిది కాదు, ముడి లెక్కయే. నాలుగు దారులు కలిసే చౌకుకు 4. మూడు కలిసే చోటుకు 3. ముందుకు దారి లేక ఆగిపోయిన కొనకు 1. అన్నిటిని కూడి, ముడుల సంఖ్యతో భాగించిన ఆ పేట సగటు వచ్చును. ఇంకను వంకరటింకర దారుల వలన ఎంత చుట్టు తిరుగవలసి వచ్చునో అదియు వారు కొలిచినారు.

మా ప్లానుకు ఈ లెక్క వేసి చూచినాము. పెద్ద రోడ్డు మీద మూడు ముడులు, ఒక్కొక్కటి 3, మొత్తము 9. గోడకు తగిలిన కొనలు మూడు, వాటికి 3. కూడిన 12. ఆరు చోట్లకు పంచిన సగటు 2. ఇక ఇంజనీరుగారి అడ్డవీధిని గీసి చూడుడు. చివరి రెండు వీధుల కొనలు ఉత్త మలుపులగును, మలుపును ముడిగా లెక్కింపరు. నడిమి వీధి కొన మూడు దారుల ముడి అగును. మొత్తము నాలుగు ముడులు, అన్నియు మూడేసి. సగటు 3. ఒక్క అడ్డవీధితో ఇంత మార్పు.

అంకెలతో మనకేమి అనువారు ఉందురు. కాలితో కొలువవచ్చును. మొదటి వీధి కొన నుండి రెండవ వీధి కొనకు పోవలెనంటే ఇప్పటి ప్లానులో 600 అడుగులు పెద్ద రోడ్డుకు వచ్చి, 110 అడుగులు పక్కకు నడిచి, మరల 600 అడుగులు లోపలికి పోవలెను. 1,310 అడుగులు. పది అడుగులు తక్కువ పావు మైలు. అడ్డవీధి ఉన్నచో 110 అడుగులు. పెరటిలో పిలిచిన పలికే ఇంటికి పావు మైలు! కండెలు చుట్టి ఇచ్చే ముసలమ్మ ఆ ఇంట ఉన్నది, నేసే మనిషి ఈ ఇంట ఉన్నాడు. దినమునకు ఎన్నిసార్లు తిరుగవలెనో మగ్గము ఉన్నవారికి చెప్పనక్కరలేదు. పడుగు చుట్టిన బీమును ఇద్దరు భుజము మీద మోసికొని పోయే పని తలచుకొన్నచో సరిపోవును.

మొన్న మేము నగరపు అంచున ఒక కాలనీకి పోయినాము. పేరు వ్రాయము. అక్కడ మరమగ్గముల షెడ్డు గోడకు ఇవతల, అద్దకపు ఇల్లు గోడకు అవతల. నడుమ ఇరవై గజములు. నూలు చిలపలను స్కూటరు మీద పెట్టుకొని కుర్రవాడు పెద్ద రోడ్డుకు పోయి, సిగ్నలు దగ్గర తిరిగి, అవతలి లేఔటు గేటులో పేరు చెప్పి లోపలికి పోవలెను. పోయి వచ్చుటకు అరగంట. ఇది పడలేక గోడకు రెండు వైపుల రెండు నిచ్చెనలు వేసినారు. ఇవతలివాడు ఎక్కి అందించును, అవతలివాడు ఎక్కి అందుకొనును. వాన వచ్చిన దినము అదియు లేదు. వీధి లేనిచోట మనుష్యులు వీధిని ఎట్లో కల్పించుకొందురు, నిచ్చెనతోనైనను.

ఇక మా ఊరి వీధుల కథ. 1537లో కెంపేగౌడ కోట కట్టి పేట వేసినాడని చెప్పుదురు. ఉత్తర దక్షిణములుగా దొడ్డపేట వీధి, తూర్పు పడమరలుగా చిక్కపేట వీధి. రెండును దొడ్డపేట చౌకులో కలియును. వాటిని ఆనుకొని వృత్తికొక పేట. గాజులకు బళేపేట, బియ్యమునకు అక్కిపేట, దూదికి అరళెపేట. తరువాతి కాలపు కబ్బన్‌పేటలో మన పట్టు మగ్గములు. ఆ సందులు సూటియైనవి కావు. కొన్నిచోట్ల ఇద్దరు ఎదురైనచో ఒకరు అరుగు ఎక్కవలెను. కాని సందులో దూరినవాడు ఎటో ఒకవైపు బయటపడును. కలిసియుండుట వేరు, సూటిగా ఉండుట వేరు. దొడ్డపేట వీధిని ఇప్పుడు అవెన్యూ రోడ్డు అందురు. చుట్టు ఉన్న మట్టిగోడ పోయినది, అగడ్త పూడినది, ఇండ్లు ఎన్నిసార్లు కూలి లేచినవో. వీధి మాత్రము ఉన్నచోటనే ఉన్నది.

1890వ దశకములో మల్లేశ్వరము, బసవనగుడి వేసినారు. 1898 ప్లేగు తరువాత పేటలో ఊపిరాడని జనము అక్కడికి తరలినారు. గళ్ళ చీర వలె నిలువు వీధులు, అడ్డువీధులు, ఇండ్ల వెనుక పారిశుద్ధ్యపు సందులు. నిలువుది మెయిన్, అడ్డుది క్రాస్. నాలుగవ మెయిన్, ఎనిమిదవ క్రాస్ అన్నచో క్రొత్త మనిషి కూడ ఎవరిని అడుగక ఇల్లు చేరును. 1948లో మొదలైన జయనగరములోను ఇదే పద్ధతి.

తరువాత ఊరు పరుగెత్తినది. 1951లో 8 లక్షలకు లోపుగా ఉన్న జనము 2011 లెక్కలలో 84 లక్షలు. 2007లో చుట్టుపట్ల ఉన్న ఏడు నగరసభలు, ఒక పురసభ, 110 గ్రామములు పాలికలో కలిసి, 226 చదరపు కిలోమీటర్ల నగరము 700 దాటినది. గ్రామము కలిసినది కాని గ్రామపు పొలము గట్లు ఎక్కడికి పోవును? ఒక సర్వే నంబరు ఒక రైతుది. అతడు అమ్మును. కొన్నవాడు నడుమ ఒక వీధి తీసి రెండు వైపుల సైట్లు వేయును. వీధి గట్టు దగ్గర ఆగును. ఐదేండ్లకు పక్క రైతు అమ్మును. ఆ కొన్నవాడు తన వీధిని తన గట్టు దగ్గర ఆపును. రెండు వీధుల నడుమ ఇప్పుడు గట్టు లేదు, గోడ ఉన్నది. మా ఊరిలో వీటిని రెవెన్యూ లేఔట్లు అందురు. అక్కడ కూడ క్రాస్ అను పేరు పలక మీద ఉండును. దాటిపోయే దారి ఉండదు. నిండ పడుగే ఉండి పేక వేయని గుడ్డను ఎవరైనను గుడ్డ అందురా?

గోడలు కట్టి గేటు పెట్టిన కాలనీలు వీటి తరువాత వచ్చినవి. ఇవి తెలియక జరిగినవి కావు, కోరి చేసినవి. 2025లో పాలికను ఐదు పాలికలుగా విడదీసినారు. వీధుల కొనలలోని గోడలు ఏ పాలికలో పడినవో అక్కడనే నిలిచియున్నవి.

అమెరికాలో ఈ కథ మనకంటె ముందు నడిచినది కనుక దానిని కొంచెము వివరముగా చెప్పవలెను. న్యూయార్కు నగరమునకు 1811లో గళ్ళ ప్లాను వేసినారు. ఆ దేశములో చాల పట్టణములు అదే తీరున పెరిగినవి. కారు వచ్చిన తరువాతనే వీధులు విడిపోయినవని మేమును అనుకొన్నాము. ఆ ఇద్దరు పండితుల లెక్క వేరుగా చెప్పుచున్నది: ఇంటింట కారు రాకముందే వీధులు విడిపోవుట మొదలైనది. 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అను కాలనీని క్లారెన్స్ స్టెయిన్, హెన్రీ రైట్ అనువారు గీసినారు. కారు పోయే వీధులు కొనలో మూసి ఉండును. కాని ఇండ్ల వెనుక తోటలో కాలిదారులు అన్ని ఇండ్లను కలుపును. పిల్లవాడు కారు కంట పడకుండ బడికి పోవచ్చును. మంచి ఆలోచనయే. 1934లో ఇండ్ల అప్పులకు పూచీ ఇచ్చే ప్రభుత్వ శాఖ ఏర్పడినది. ఆ శాఖ చిన్న పుస్తకములు వేసి, గళ్ళ వీధులు దండుగ, మూసిన వీధులు క్షేమము, చౌక అని బోధించినది. అప్పు కావలసినవాడు ఆ మాట వినక ఏమి చేయును? కట్టువారు మూసిన వీధిని తీసికొన్నారు, రాడ్‌బర్న్ కాలిదారులను విడిచిపెట్టినారు. కాలిదారికి భూమి పోవును కదా.

అట్లు ఏటేటా క్రొత్త వీధులు మరింత విడివిడిగా లేచి, ఆ దేశములో 1994 ప్రాంతమునకు అది శిఖరమునకు చేరినది. ఆ తరువాత తగ్గుముఖము పట్టినది. ముడుల సగటు లెక్కను బట్టి చూచిన, 1994 నుండి 2012కు ఆ జబ్బు సుమారు 9 శాతము తగ్గినది. ఊరకనే తగ్గలేదు. వీధులు కలుపవలెనని నిబంధనలు పెట్టిన ఊళ్ళలోనే ఎక్కువ మేలు కనబడినదని ఆ పరిశోధన సూచించుచున్నది. వర్జీనియా రాష్ట్రము 2009లో ఒక నియమము చేసినది. క్రొత్త కాలనీ వీధులు పక్కవారి వీధులతో కలియవలెను, పక్కన ఖాళీ భూమి ఉన్నచో రేపు కలుపుటకు వీలుగా వీధిని హద్దు దాక తెచ్చి విడువవలెను. లేనిచో ఆ వీధుల మరమ్మతు ఖర్చు ప్రభుత్వము భరింపదు. తరువాత దానిని కొంత సడలించినారనుకొనుడు. అయినను ఖర్చు మాట రాగానే కట్టువారికి వినబడును.

ప్రపంచము మొత్తము మీద సంగతి ఇంత బాగుగా లేదు. జనము ఎక్కువ ఉన్న 134 దేశములలో 90 శాతము దేశములందు 1975 తరువాత వేసిన వీధులు మునుపటికంటె తక్కువగా కలిసియున్నవి. 2000 తరువాత కొంచెము మెరుగుపడిన దేశములు 29 శాతము మాత్రమే. గేటు కాలనీలలో కనబడే చుట్టుతిరుగుడు వీధులు అదే కాలములో దాదాపు రెట్టింపైనవి. అర్జెంటీనా, పెరూ, బొలీవియా వంటి దేశములు గళ్ళ వీధులను నిలుపుకొన్నవి. జర్మనీ, డెన్మార్కులలో కారుకు మూసిన వీధియైనను కాలినడకకు, సైకిలుకు దారి విడిచియున్నారు. రాడ్‌బర్న్‌లో అనుకొన్నది అక్కడ నిలిచినదన్నమాట.

ఆ పరిశోధనలలో మమ్ములను నిలిపివేసిన సంగతి మరొకటి. విడివిడిగా వేసిన ఊరు విడివిడిగానే ఉండిపోవును. దాని పక్కన పెరిగే క్రొత్త పేటయు అట్లే పెరుగును. మగ్గము మార్చవచ్చును, గుంట మగ్గము తీసి మరమగ్గము పెట్టినాము. ఇల్లు పడగొట్టి మేడ కట్టవచ్చును. వీధిని మార్చవలెనంటే ఇరువైపుల ఉన్న ప్రతి హక్కుదారుని ఒప్పింపవలెను. 1666లో లండను నగరము కాలి బూడిదైనది. క్రిస్టఫర్ రెన్ అను గొప్ప శిల్పి వెడల్పు వీధులతో క్రొత్త ప్లాను గీసి ఇచ్చినాడు. ఇండ్లు లేవు, అడ్డు లేదు. అయినను జనము ఎవరి పునాది మీద వారు కట్టుకొన్నారు. పాత వీధులే చాలవరకు మరల వచ్చినవి. నిప్పు కూడ మార్చలేని దానిని మా కార్యదర్శిగారు పదేండ్ల తరువాత మార్చగలరని మేము నమ్మము. ప్లాను కాగితము మీద ఉన్నప్పుడే రబ్బరుతో చెరుపవచ్చును.

ఈ విషయములో షోలాపూరు మనవారి మాట తలచుకొనవలెను. 1877లో అక్కడ మొదటి మిల్లు వచ్చినది. నిజాము రాజ్యము నుండి పోయిన మన పద్మశాలీలు ఊరి తూర్పు పేటలలో స్థిరపడినారు. సాఖర్‌పేఠ వంటి చోట ఇల్లు, మగ్గము, నూలు అంగడి, మార్కండేయుని గుడి అన్నియు కాలినడకలోనే. ఇప్పుడు ఇల్లు కావలెనంటే ఊరు దాటి పోవలెను. అక్కలకోట దారిలో కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీల కొరకు కట్టిన 10,000 ఇండ్లు 2006లో ఇచ్చినారు. ఆ పక్కనే రాయనగరులో 15,000 ఇండ్లు 2024 జనవరిలో ఇచ్చినారు. చేనేతవారు, మరమగ్గములవారు, బీడీలు చుట్టువారు అందులో ఉన్నారు. స్వంత ఇల్లు వచ్చుట చిన్న మాట కాదు, దాని కొరకు ఏండ్లకు ఏండ్లు పోరాడినవారిని తక్కువ చేసి మాటాడము. కాని బీడీ చుట్టే అమ్మ కంపెనీ శాఖ నుండి ఆకు తెచ్చుకొనవలెను, చుట్టిన బీడీలు అప్పగింపవలెను. ఆమెకు ఇల్లు ఎంత పెద్దదో, ఆ ఇంటి నుండి ఊరికి ఎన్ని దారులో, రెండును కావలెను. అక్కడి సంఘీయులు ఈ విషయమై వ్రాసి పంపినచో ప్రచురింతుము.

సమావేశములో గోడను సమర్థించినవారి మాటలు ఉత్త మాటలని మేము అనము. అడ్డవీధి తెరిచినచో పెద్ద రోడ్డు మీద ఇరుక్కొన్న లారీ మన వీధిలోకి దూరును. వాకిట ఆడే పిల్లవాడికి అపాయము. రాత్రిపూట ఎవరు వచ్చిరో తెలియదు. నిజమే. మా ప్లానులో కొన అడ్డవీధి మన మూడు వీధులనే కలుపుచున్నది కనుక లారీకి దానిలో లాభము లేదు. తిరిగి పెద్ద రోడ్డుకే రావలెను. గొడవ ఎక్కడనగా, వెనుక పొలము రేపు లేఔటు అయినప్పుడు. అప్పుడు నడిమి వీధి కొనలో గోడకు బదులు గేటు పెట్టి, మనుష్యులకు, సైకిళ్ళకు విడిచి, లారీకి అడ్డకమ్మి వేయవచ్చును. కమ్మిని ఎప్పుడైనను పీకవచ్చును. అక్కడ ఇల్లు కట్టుకొన్నవానిని పీకలేము. ఇంకొక మాట. మనది నూలు, పట్టు పేర్చుకొనే వృత్తి. ఒకటే మూతి గల 600 అడుగుల సందులో మూతి దగ్గర నిప్పు అంటుకొన్నచో లోపలివారు ఎటు పోవుదురు? దొంగ భయము చెప్పినవారు ఈ భయమును కూడ లెక్కలో వేసికొనవలెను.

మరి ఆ నలుగురి సంగతి? ఇదియే మమ్ములను ఎక్కువ దినములు వేధించినది. చీట్లు వేయుదమని ఒకరు, చివరగా డబ్బు కట్టినవారిని తీయుదమని ఒకరు. ఆ నలుగురిలో ఒకరు విధవరాలు, మగ్గము అమ్మి వాయిదా కట్టినది. ఆమె పేరు చీటిలో వచ్చినచో ఏ ముఖము పెట్టుకొని పోయి చెప్పుదుము?

ప్లానును బల్ల మీద పరచి మరల చూచినాము. నలుగురు ఎందుకు పోవుచున్నారు? సైటు ముఖము 30 అడుగులే ఉండవలెనని మనము పట్టుబట్టుట వలన. అడ్డవీధి వెడల్పు 30 అడుగులు. అది నాలుగు వరుసలను కోయును. వరుసకు 20 సైట్లు. వరుస పొడవు 600 అడుగులలో 30 పోగా 570. దానిని 20తో భాగించిన ఇరువది ఎనిమిదిన్నర. సైటుకు అడుగున్నర తగ్గును, అంతే. ఎవరి సైటును పోదు.

ఇందులో ఒక అన్యాయము ఉన్నది, దానిని దాచము. మొదటి వీధి ఎడమ వరుస, మూడవ వీధి కుడి వరుస కోతకు గురి కావు. ఆ 40 మందికి నిండు సైటు. మిగిలిన 80 మందికి అడుగున్నర ముఖము, 40 అడుగుల లోతు, అనగా 60 చదరపు అడుగులు తరుగు. మొత్తము తరుగు 4,800 చదరపు అడుగులు, సరిగ్గా నాలుగు సైట్లు. దీనిని 120 మంది మీద వేసిన మనిషికి 40 చదరపు అడుగులు. కావున నిండు సైటు వచ్చిన 40 మంది 40 చదరపు అడుగుల ధర అదనముగా కట్టవలెను. ఆ సొమ్ము 80 మందికి 20 చదరపు అడుగుల ధర చొప్పున తిరిగి ఇవ్వవలెను. అప్పుడు అందరి నష్టము సమానము. ఒక మంచము, పక్కన మనిషి తిరిగే జాగా. దీనికి నిండు సైటువారిలో ఇద్దరు అప్పుడే ముఖము చిట్లించినారు. ప్లాను తిరిగి గీసి అనుమతికి పంపవలసి యుండుటచేత రెండు మూడు నెలలు ఆలస్యము తప్పదు.

ఇరువది ఎనిమిదిన్నర అడుగులలో మగ్గములు పట్టునా అని సహజముగా అడుగుదురు. పోయిన ఆదివారము టేపు, సున్నము తీసికొని స్థలమునకు పోయి రెండవ వీధిలో ఒక సైటు హద్దు గీసి చూచినాము. మాతో వచ్చిన ఒక పెద్దాయన, ఇరువది ఏండ్లుగా జకార్డు మగ్గములు నడిపినవాడు, ఆ గీతల నడుమ తన మగ్గముల జాగాను అడుగులతో కొలిచి, మెట్లకు విడిచి, తలుపుకు విడిచి, “పట్తాయి. గోడ తొమ్మిది అంగుళాలు కాక ఆరు పెట్టుకోమను” అన్నాడు. తరువాత కొన దాక నడిచి, అడ్డవీధి రావలసిన చోట నిలిచి, అవతలి వీధిలో తన బావమరిది సైటు ఎక్కడ వచ్చునో చూపమన్నాడు. చూపినాము. ఏమియు అనలేదు.

సర్వసభ్య సమావేశము వచ్చే నెల రెండవ ఆదివారము, మధ్యాహ్నము మూడు గంటలకు. పాత ప్లాను, కొత్త ప్లాను రెండును కార్యాలయములో పక్కపక్కన గోడకు అంటించినాము. నాలుగు వరుసల 80 మందియు తమ సైటు నంబరు ఎదుట ఉన్న కొలతలు చూచుకొని సంతకము చేయవలసినది. నిండు సైటువారు కట్టవలసిన మొత్తము వేరే కాగితములో ఉన్నది. సందేహములున్నవారు సాయంకాలము ఆరు తరువాత రావచ్చును; టేపు కార్యాలయములోనే ఉన్నది.